ఆపితే కొట్టేవాడు

గోడ మీద దబ్బున దెబ్బ పడింది.

జూలియా ఉలిక్కిపడింది. ఆమె హార్మోనియం ఆపి అప్పటికే కాసేపయింది. వేళ్ళు నొప్పెట్టి, నీళ్ళు తాగుదామని లేచిందంతే.

మళ్ళీ దెబ్బ.

చెంబు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. తిత్తి ఊపి, ఏదో ఒక స్వరం నొక్కింది.

దెబ్బలు ఆగిపోయాయి.

మూతపడిన బంగారు గని కూలీలకు కట్టిన ఊరిగాం లైన్ ఇళ్ళలో రెండిళ్ళకూ ఒకటే గోడ. ఇటు ఎవరైనా తుమ్మితే అటువాళ్ళు చెంబెడు నీళ్ళు తాగి బయలుదేరతారు. ఆ పక్కింట్లోకి పిల్లప్ప అనే ముసలాయన కొత్తగా వచ్చాడు. టేకల్‌లో సేద్యం చేసుకునే మేనల్లుడు శ్రీరామప్పది ఆ ఇల్లు. పిల్లప్ప ఒంటరిగా ఉంటాడు. ఎవరితోనూ మాట కలపడు.

ఆదివారం అన్నాలు తింటూ భర్త క్లెమెంట్‌కు చెప్పింది.

"వాయిస్తా ఉంటే కొట్టినాడా?"

"కాదప్పా. ఆపితే కొడతాడు."

"నీ వాయింపు ఆగితే లడ్లు పంచుతారు గానీ గోడ కొడతారా?"

"ఎగతాళి చాల్లే. తిను."

ఆమె బాధ ఆమెది. చర్చిలో వాయించే ఇసబెల్లా టీచరు బెంగళూరుకు వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కు ఎవరూ దొరక్కపోతే ఫోనులో పాటలు పెట్టి స్పీకరుకు తగిలిస్తామన్నారు పాస్టరు అయ్యగారు. అందరూ తల దించుకుని కూర్చుంటే ఉండబట్టలేక జూలియా, "నేను నేర్చుకుంటాను" అనేసింది.

నలభై దాటాక నేర్చుకోవడమంటే ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. కుడిచెయ్యి పాట మీద ఉంటే ఎడమచెయ్యి తిత్తిని మరిచిపోతుంది. రోజూ మానేద్దామనే అనిపిస్తుంది. మానేద్దామని లేవగానే గోడ మీద దెబ్బ.

ఒకరోజు కొళాయి దగ్గర పిల్లప్పను అడిగేసింది.

"తాతా, మీకు పాటలంటే ఇష్టమా?"

"పాటలా? నాకేం తెలుసమ్మా."

"మరి గోడ ఎందుకు కొడతారు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"నువ్వు ఆపితివి కదా."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

జూలియాకు తలా తోకా తెలియలేదు. మెచ్చుకుంటున్నాడా, వెక్కిరిస్తున్నాడా? ఆ చిరాకుతోనే కూర్చుని వాయించింది. చిరాకులోనే ఒక కీర్తన చివరిదాకా వచ్చేసింది. తర్వాత ఇంకొకటి.

మూడోది మొండికేసింది. ఆ సాయంత్రం చరణం దగ్గర వేలు మళ్ళీ మళ్ళీ తప్పుతుంటే విసుగొచ్చి హార్మోనియం మూత వేసేసింది.

దెబ్బ.

"కొట్టుకో పో," అంది గోడతో.

దెబ్బ మీద దెబ్బ. సున్నం రాలింది. ఇంట్లోనే ఉన్న క్లెమెంట్ లేచి తలుపు తీశాడు. గుమ్మంలో పిల్లప్ప. చేతిలో గడ్డపార. ఒళ్ళంతా చెమట.

"ఆ పాప యాడుండాది? బాగుండాదా?"

"ఏం పెద్దాయనా, ఇనుము పట్టుకుని ఇంటి మీదికి వస్తావా? ఆడమనిషి ఉండే ఇల్లు ఇది!"

పిల్లప్ప చూపు అతన్ని దాటి జూలియా మీద పడింది.

"ఉండావా తల్లీ," అన్నాడు. గడప మీదే కూలబడ్డాడు.

ఆమెకు భయమేసింది. అంతకన్నా అయోమయంగా అనిపించింది.

క్లెమెంట్ అప్పుడే శ్రీరామప్పకు ఫోన్ చేశాడు. "మీ మామకు బుద్ధి సరిగా లేదప్పా. వచ్చి పిల్చుకొని పో."

జూలియా వద్దనలేదు.

మర్నాడు శ్రీరామప్ప ఆటో తెచ్చాడు. ఎక్కుతూ ముసలాయన ఆమెతో ఒకే మాట అన్నాడు.

"ఆపద్దమ్మా."

ఇక నెమ్మదిగా నేర్చుకోవచ్చనుకుంది జూలియా. కానీ చెయ్యి ఆడలేదు. కాసేపు వాయించి ఆపేది. చెవి గోడవైపు పెట్టేది. అటు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పీడ వదిలిందనుకోవాల్సింది పోయి, ఏదో పోగొట్టుకున్నట్టు ఎందుకుందో ఆమెకే తెలియలేదు. కొన్నాళ్ళకు మూత తీయడమే మానేసింది.

"నావల్ల కాదయ్యగారూ," అని చెప్పేసింది.

ఆ క్రిస్మస్‌కు చర్చిలో స్పీకరే పాడింది.

పండుగ వెళ్ళాక ఒక పొద్దున, పక్కింటి తాళం ముందు ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడు.

"ఎవరు కావాలప్పా?"

"పిల్లప్ప ఇల్లు ఇదే కదమ్మా? రాత్రి పోయినాడంట. మట్టి యాడ చేస్తారో తెలీక వచ్చినాను."

జూలియా ఆ తాళం వైపు చూసింది. "టేకల్‌లో... అక్కడే చేస్తారేమో. మీకు చుట్టమా?"

"ఏమీ కాడు. నా పేరు పెద్దన్న. గనిలో పని చేసినోణ్ణి."

వెళ్ళబోతున్నవాణ్ణి ఆపి, మనసులో నలుగుతున్నది అడిగేసింది.

"ఆయనకు బుద్ధి సరిగా లేదా అప్పా? నేను హార్మోనియం ఆపితే చాలు, గోడ కొట్టేవాడు. మళ్ళీ వాయించేదాకా కొట్టేవాడు."

పెద్దన్న ఆమెను కన్నార్పకుండా చూశాడు.

"ఇంగా పోలేదా ఆయప్పకు ఆ అలవాటు?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "గని మూసేసినారు గానీ ఆయన చెవిని ఎవురు మూస్తారు?"

"నాకేమీ అర్థం కాలేదప్పా."

"లోపల బండ కూలి దారి మూసుకుపోతే, అవతల చిక్కుకున్నోళ్ళు రాయితో కొడతా ఉంటారమ్మా, బతికుండామని. నేనూ కొట్టినాను. కొట్టి కొట్టి చేతులు సోలిపోతాయి. ఇంగ చాల్లే, నిద్రపోదామనిపిస్తాది. ఆ నిద్ర పోయినోడు మళ్ళీ లేయడు."

పెద్దన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను ఆపినప్పుడల్లా ఇవతల నుంచి బండను కొట్టి, నేను తిరిగి కొట్టేదాకా వదలకుండా నన్ను బతికించుకున్నాడు చూడు, ఆ మనిషమ్మా పిల్లప్ప."