ఏడో కర్ర

"ఇంట్లో కూర్చుని మునిగిన మిరప చేను తలుచుకుంటుంటే పిచ్చెక్కుద్ది. పదండి" అంది అఖిల.

తుఫాను వెళ్లి నాలుగు రోజులైంది. చేలో నీళ్లు తీస్తే గానీ అడుగు పెట్టే వీల్లేదు. అందుకే త్రినాథ్ భార్యతో కలిసి అద్దంకి నుంచి సముద్రం దగ్గరికొచ్చాడు.

తెలిసినాయన దగ్గర రెండు చిన్న కయాక్ పడవలు తీసుకున్నారు. మనిషికొకటి. ఏరు సముద్రంలో కలిసే చోట చిన్న లంక ఉంది. దాన్ని ఒక చుట్టు చుట్టి, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రానికి ఇల్లు చేరాలని వాళ్ల ప్లాను.

అఖిలకి ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉందిగా అని ధైర్యం.

కొంగల్ని ఫొటోలు తీసుకుంటూ ఆమె వెనకబడింది. త్రినాథ్ ముందు పోయాడు.

లంక మలుపులో ఒక ముసలాయన మొలలోతు నీళ్లలో నిలబడి సరుగుడు కర్రలు పాతుతున్నాడు. వరసగా ఏడు.

త్రినాథ్‌కి ఒళ్లు మండింది.

మండక ఏం చేస్తుంది? మూడేళ్ల కిందట వరదకి గట్టు కొట్టుకుపోతే, పక్క చేనాయన మర్నాడే ఇలాగే కర్రలు పాతి పావెకరం కలిపేసుకున్నాడు. పాతిన కర్ర కనపడితే చాలు, కబ్జా అనుకోవడం అప్పట్నుంచీ అతనికి అలవాటైపోయింది.

"ఏం పెద్దాయనా, లంక నీదా?"

"ఎవరిదీ కాదు బాబూ. కర్రలకి కుడి పక్కగా పో. ఎడం పక్క నీళ్లు మంచివి కావు."

"జనాన్ని భయపెట్టి రానీకుండా చేస్తే నీ సొంతమైపోద్దా?"

ముసలాయన అర్థం కానట్టు చూశాడు. "కుడి పక్కగా పో బాబూ" అని మళ్లీ అదే మాట చెప్పి, ఇంకో కర్ర కోసం ఒడ్డెక్కాడు.

ఆయన అటు తిరగ్గానే త్రినాథ్ చెయ్యి చాపి చివరి కర్ర పీకేశాడు. మిరప మొక్కలా తేలిగ్గా వచ్చేసింది. దాన్ని నీళ్లలోకి విసిరేసి, కోర్టులో గెలిచినట్టు ముందుకి పోయాడు.

కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, అఖిల మలుపు దగ్గరకొస్తోంది. ముసలాయన పరుగెత్తుకుంటూ నీళ్లలోకి దిగాడు. మొలలోతులో నిలబడి చేతులు రెండూ పైకెత్తాడు.

అఖిల ఆయన్ని తప్పించుకుని కుడి పక్కగా వచ్చేసింది.

"ఎవరండీ ఆయన? కుడికి రా తల్లీ, కుడికి రా అని ఒకటే అరుపు."

"కబ్జాకోరు. వెనక్కి చూడమాక."

ఆమె చూడలేదు. అతనూ చూడలేదు.

లంక చుట్టి మధ్యాహ్నం రేవుకి తిరిగొచ్చేసరికి జనం మూగి ఉన్నారు. ఇసుకలో ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన మీద దుప్పటి కప్పి ఉంది. తల దగ్గర ఆయన భార్య అంకమ్మ కూర్చుని ఉంది.

త్రినాథ్ పడవ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?" అని పక్కనున్న జాలరిని అడిగాడు.

"తుఫానుకి లంక మలుపులో పెద్ద గుంట పడిందండి. ఆటుకి నీళ్లు వెనక్కి తీసేటప్పుడు మనిషినైనా పడవనైనా సముద్రంలోకి లాగేసుద్ది. యలమంద మావ దాని అంచునే కర్రలు పాతుతున్నాడు. ఇయ్యాల ఏడో కర్ర ఎట్టా పోయిందో పోయింది. ఎవరో ఆడమనిషి పడవ నేరుగా గుంట మీదికే వస్తా ఉంది. ఇంకో కర్ర పాతే టైము లేదు. కర్ర ఉండాల్సిన చోట తనే నిలబడ్డాడు."

జాలరి కళ్లు తుడుచుకున్నాడు.

"దూరంనుంచి చూశామండి. పడవ దాటిందాకా కదల్లేదు. దాటాక కాళ్ల కింద ఇసుక విరిగింది. మేం వచ్చేలోపే అయిపోయింది."

"ఆ కర్ర నేనే పీకాను" అన్నాడు త్రినాథ్. ఆ ఒక్క మాట అనడానికి అతనికున్న బలమంతా కావాల్సొచ్చింది.

ఎవరైనా కొడితే బావుండనిపించింది అతనికి.

అఖిల వెళ్లి అంకమ్మ ముందు కూలబడింది. "ఆ పడవలో ఉంది నేనేనమ్మా" అంది ఏడుస్తూ.

అంకమ్మ ఆమె మొహంలోకి చూసింది. తడి చేత్తో ఆమె తల నిమిరింది.

"మొన్న ఆ గుంటలో పోయిన మా పిల్లోణ్ణి దాటించలేకపోయాడు తల్లీ. నిన్ను దాటించాడు."