తరుగు

"నలభై చూపించి నాలుగున్నర ఇస్తావా? ఇది వ్యాపారమా, దోపిడీయా?"

కోటబొమ్మాళి ధాన్యం వ్యాపారి నగరేశ్వరరావు గొంతు కొట్టు బయట కాటా దాకా వినిపించింది. నెట్ కనెక్షన్ పెట్టిన త్రినాథ్ రేపు, మాపు అంటూ వారం తిప్పి ఇవాళ దొరికాడు. దొరికినవాణ్ణి ఊరికే వదిలితే ఆయన నగరేశ్వరరావే కాదు. రైతులందరూ చూస్తుండగా కడిగేయాలని కూర్చున్నాడు.

కాటా దగ్గర అప్పలసూరి పొద్దుట్నించీ ఒకటే పాట. "బాగా ఎండబెట్టిన ధాన్యం బాబూ. బస్తాకి రెండు కిలోలు తరుగు తీసేస్తే ఈ పంటలో నాకు మిగిలేది గడ్డే."

"ఉండవయ్యా, వీడి సంగతి తేలనీ" అన్నాడు నగరేశ్వరరావు.

త్రినాథ్ నిదానంగా మోడెం పక్కన కూర్చున్నాడు. "సూడండి బాబూ. మీ ప్లానులో నెట్ స్పీడు నలభై అన్నది బిట్లు. మీ ఫోను సూపించేది బైట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. ఎనిమిదితో భాగిస్తే ఐదు."

"ఆ ఐదైనా ఏదీ?"

"తరుగు పోతాది."

నగరేశ్వరరావు మొహం కాస్త విప్పారింది. తనకి తెలిసిన మాట. "అలా చెప్పు. తరుగంటే ఉంటుంది మరి. తరుగు లేని వ్యాపారమేది?"

అప్పలసూరి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆ తరుగు ఎవులింటికి పోతాది నాయనా?"

"ఎవులింటికీ పోదు. నెట్లో వచ్చే ప్రతి ముక్క మీదా ఎక్కడికెళ్లాలో అడ్రసు రాయాల. దార్లో పాడైంది మళ్లీ పంపాల. దానికే ఖర్సయిపోతాది. తీసినోడు లెక్క సెప్పాల కదా మరి."

"మరి మా ధాన్యం తరుగు ఎక్కడికి పోతన్నాది బాబూ?"

కాటా చుట్టూ ఉన్న రైతులందరూ ఇటు తిరిగారు. నగరేశ్వరరావు నోట్లో కిళ్లీ నమలడం ఆపేశాడు. ఏం చెప్పినా రేపు సంతలో పాటైపోతుందని ఆయనకి తెలుసు.

"ఒరే, అప్పలసూరి బస్తాలకి తరుగు రాయకు" అని కాటా మనిషికి కేకేశాడు. తర్వాత త్రినాథ్ వైపు తిరిగి, "నెట్ బాగానే ఉందిలే, వెళ్లిరా" అన్నాడు.

తూకం ముగిసింది. హమ్మయ్య అనుకుని నగరేశ్వరరావు కిటికీలోంచి చూస్తే, అప్పలసూరి త్రినాథ్ బండి వెనక ఎక్కి కూర్చుంటున్నాడు.

"బాగానే అడిగినానేటి అల్లుడూ?"

"నీ ధాన్యం కాటాకొచ్చేదాకా ఈ బాబుని వారం తిప్పింది అందుకే కద మావా."