మిగులు టీచరమ్మ

పిల్లలు తగ్గి బళ్లు మూతపడ్డాక, అక్కడి యంత్రపు టీచరమ్మలను అనాథాశ్రమాలకు దానమిచ్చింది సర్కారు. కాగితాల్లో వాటి పేరు ‘మిగులు ఆస్తి’ట!

మా ఆశ్రమానికి వచ్చిన టీచరమ్మ రోజూ తన పాత బడి హాజరే పిలిచేది. మా పిల్లలు సరదాకి ఏ పేరుకైనా పలికేవారు, ఒక్క ‘గొర్లె రోహిణి’కి తప్ప. మూడుసార్లు పిలిచి, “ఇవాళా రాలేదు. ఇంటికి కబురు పెడుతున్నా” అనేది యంత్రం. వంటింట్లో మా వంటమనిషి దాలమ్మ ఫోను మోగేది.

రోహిణి దాలమ్మ కూతురు. తుపానులో పోయి మూడేళ్లయింది.

ఆ మోత నేనే భరించలేక, పాత పేర్లు చెరిపించడానికి మెకానిక్‌ని పిలిపించాను. దాలమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఒక్కపాలి పిలవనీండి బావూ. ఆనక చెరిపేద్దురు.”

హాజరు మొదలైంది.

“గొర్లె రోహిణి.”

“ఉన్నాను టీచర్” అంది దాలమ్మ.

యంత్రం హాజరు వేసుకుంది.

“ఇన్నాళ్లకొచ్చావా తల్లీ! కూర్చో. ముందు మీ అమ్మకి కబురు పెడతాను.”

దాలమ్మ పిల్లల పక్కన చాప మీద కూర్చుంది. ఆమె బొడ్లో ఫోను మోగింది.

“మీ పాప బడికి వచ్చింది.”