అంజీరు సిర్కా కూర

నర్సయ్య కోడలు వంకాయకూరలో దారు, అదే మందు, పోసి వండిందని పక్కింటి మరాఠావిడ విమల బోరింగు దగ్గర చెప్పిందట. నల్ల సీసా తన కళ్లతోనే చూసిందట. మూత తియ్యగానే వాసన గుప్పుమందట. ఆ మాట బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటలు నాలుగు దాటి నర్సయ్య భార్య పోచమ్మ చెవిన పడేసరికి ఇంట్లో భోజనాలు అయిపోయాయి.

నర్సయ్య చెయ్యి కడుక్కొని గోడకు చేరగిలబడ్డాడు. మెడలో తులసిమాల. పండరిపురంలో విఠోబా ముందు ఆ మాల వేసుకున్ననాడే మాంసం, దారు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

పోచమ్మ వంటగదిలోంచి సీసా తెచ్చి కోడలు సావిత్రి ముందు ఠక్కున పెట్టింది.

"ఏందే ఇది?"

"సిర్కా అత్తమ్మా. బాల్సమిక్ వినెగర్ అంటరట. టవళ్లు కొననీకి వచ్చిన ఇటలీ బేపారి కార్ఖానా షేటుకిచ్చిండు, షేటు మీ కొడుక్కిచ్చిండు. అంజీరు రుచి కలిపిండ్రట."

"దేనితోని చేస్తరు?"

సావిత్రి తడబడింది. "ద్రాక్షరసంతోని."

"ద్రాక్షరసం పులిస్తే ఏమైతది? చెప్పు! నోరు పడిపోయిందా?"

గడపలో నిలబడ్డ విమల అందుకుంది. "సీసా మీద ద్రాక్ష బొమ్మనే ఉన్నది కదా కాకూ. దారు నాహీతర్ కాయ్? దారు గాకుంటె ఇంకేంది?"

"చింతపండు అయిపోయింది అత్తమ్మా. ఎల్లిపాయ ఏంచి, ఇది నాలుగు చెంచలు పోసి చిక్కగయ్యేదాక మరిగిచ్చిన, అంతే. పుల్లపుల్లగ, తియ్యతియ్యగ అయింది. మామ రెండుసార్లు ఏయించుకున్నడు."

"అదేనే నేను ఏడ్చేది! ముప్పై ఏండ్ల మాల. దారు దుకాణం ఉన్న గల్లీల కాలు పెట్టని మనిషి నోట్లె పోస్తివి గదనే!"

కొడుకు లక్ష్మణ్ గొంతు సవరించుకున్నాడు. "షేటింట్ల అందరు తిన్నరు అవ్వా."

"షేటు మెడల మాల ఉన్నదా? నువ్వు నోర్మూసుకొని దీన్ని తల్లిగారింటికి సిరిసిల్ల బస్సెక్కియ్యి. తెల్లారితే ఏకాదశి. భజన మండలోళ్లు వచ్చేసరికి ఇది ఇంట్ల కనపడొద్దు."

"నేను దారు పొయ్యలే అత్తమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ పేరెత్తకు. బిడ్డ ఈడనే ఉంటది. నువ్వే పోతవు."

లక్ష్మణ్ అటక మీది ట్రంకుపెట్టె దించాడు. పోచమ్మ దండెం మీది చీరలు లాగి అందులో కుక్కింది. విమల గడప దిగలేదు, చూడవలసింది ఇంకా ఉందన్నట్టు కొంగు నడుముకు చెక్కుకుంది.

సావిత్రి మామ కాళ్ల దగ్గర కూలబడింది. "మామా, మీరన్న చెప్పుండ్రి. తిన్నది మీరే గదా!"

నర్సయ్య మాల పూసలు తిప్పుతూ నేల చూశాడు.

"ఆయన్నేం అడుగుతవే?" పోచమ్మ గద్దించింది. "పుట్టి బుద్ధెరిగినంక చుక్క ముట్టని మనిషి! అది దారో కాదో ఆయనకెట్ల తెలుస్తది?"

నర్సయ్య తలెత్తి పెట్టె వంక చూశాడు, కోడలి వంక చూశాడు.

"దారు రుచి గిట్లుండదు."