వంతెన దగ్గర తోడు

డాక్టరు నడవమన్నాక జుమాగుల్ టీచరు వ్యాను ఎక్కడం మానేసింది. రోజూ వంతెన దగ్గర సెజిమ్ అనే రెండో తరగతి పిల్ల ఆమె కోసం కాచుకుని ఉండేది; ఆమెను "ఎజే", అంటే అక్కా, అని పిలిచేది. ఇద్దరూ కలిసి బడికి నడిచేవారు.

ఇవాళ ఒకటే మంచు. బడి మొదలుకాకముందే యూనియన్ మీటింగు. టీచరు వ్యాను ఎక్కేసింది. వంతెన మీంచి సెజిమ్ చెయ్యి ఊపితే, అద్దంలోంచి తనూ నవ్వుతూ ఊపింది.

మీటింగులో టీచర్లకు సరస్సు ఒడ్డున విశ్రాంతి సెలవులు కావాలని గట్టిగా వాదించి, ఒప్పించింది. "నా షుగరు తగ్గిందంటే ఆ సెజిమ్ పుణ్యమే. నాకోసం చలిలో నిలబడుతుంది, పిచ్చిపిల్ల" అని అందరి ముందూ మురిసిపోయింది.

రెండో పీరియడు సగమయ్యాక సెజిమ్ వచ్చింది.

"ఏమ్మా, నేను లేకపోతే కాళ్ళు కదలవా?" అంది టీచరు వేళాకోళంగా.

"మీరుంటే కుక్కలు మీదికి రావు, ఎజే."

అప్పుడు చూసింది టీచరు. పిల్ల కోటు అంచు పీలికలై వేలాడుతోంది. ఆ పీలికల్ని చేతిలోకి తీసుకుంది.

"మరి నన్ను పిలవలేదేం తల్లీ?"

"వ్యాను ఆపమని చెయ్యి ఊపాను కదా ఎజే. మీరు టాటా చెప్పారు."