పదకొండోవాడు

"మనోళ్ళు గెలిచినారా అమ్మా?"

సోమవారం పొద్దున రుబిని దుకాణం తెరిచీ తెరవకముందే, ముత్యాలు తాత గుమ్మంలో నిలబడి అడిగే మాట అది.

మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో బస్సులు ఆగే చోట రుబినిది ఫోటోకాపీ దుకాణం. ముత్యాలు ఏటి ఒడ్డున చేపల పడవలకు రంగులు వేస్తాడు. మనోళ్ళంటే తమ రాష్ట్రం పేరాక్ జట్టేమో అనుకుంది మొదట్లో. కాదు. ఎక్కడో ఫిన్లాండ్‌లో కివిలహ్తి అనే రేవు పట్టణముందట, ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు!

"ఓడిపోయారు తాతా. రెండు, సున్నా."

"పోనీలే. వచ్చే వారం కొడతారు."

అంతే. వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు.

రెండేళ్ళుగా ఇదే వరస. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"ఆ చలి దేశం వాళ్ళు నీకేమవుతారు తాతా?"

"ఏటీ అవరమ్మా."

ముసలాయనకు కాస్త తిక్క అని తీర్మానించుకుంది రుబిని.

ఆ సోమవారం మాత్రం ఆయన స్కోరు అడగలేదు.

"అమ్మా, ఆ క్లబ్బు కత మొదట్నించీ ఎక్కడన్నా రాసుంటాదేటి?"

కంప్యూటర్లో వెతికితే క్లబ్బు సైటు దొరికింది. ఏడాది ఏడాదికీ ఒక పేజీ, అంతా ఫిన్నిష్‌లో. మొదటి పేజీలు మలయ్‌లోకి మార్చుకుని, తనకొచ్చిన తెలుగులో, మాట చివర అలవాటైన మలయ్ 'లా' తగిలిస్తూ చెప్పింది.

"1931లో కలప మిల్లు కూలీలు మొదలుపెట్టారంట. 1958లో దేశానికే ఛాంపియన్ లా! తర్వాత కింది డివిజన్‌కి పడిపోయారు..."

"ఎనబయ్యారు సూడమ్మా." ముత్యాలు తొందరపెట్టాడు.

1986 పేజీలో పొడుగాటి వ్యాసం ఉంది. మధ్యలో ఒక ఫోటో. ఎర్ర చొక్కాల్లో పదేళ్ళ పిల్లల జట్టు.

ముత్యాలు తెర దగ్గరకు వంగాడు. రంగు మరకల వేలితో ఒక్కొక్క తలనూ లెక్కపెట్టాడు.

పది దగ్గర వేలు ఆగింది.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ పదే.

"పదకొండో వోడు లేడు" అని గొణిగాడు.

"ఎవరు తాతా?"

"కింద ఏటి రాసినారో సదివి సెప్పమ్మా."

అప్పటికే వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. పిల్లల బడి దరఖాస్తులు పట్టుకుని విసుక్కుంటున్నారు.

"చాలా పొడుగుంది తాతా. వచ్చే సోమవారం చదువుతాను లా."

మలయ్‌లోకి మార్చడానికి ఒక్క బటన్ నొక్కితే చాలని ఆమెకు తెలుసు.

"అలాగేనమ్మా."

గుమ్మం దాటబోతూ ఆయన వెనక్కి తిరిగాడు. తెరమీది ఫోటోకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వరసలో ఎవరో నవ్వారు. రుబిని కూడా నవ్వింది.

మళ్ళీ సోమవారం వచ్చింది. ముత్యాలు రాలేదు. ఆయనకు పని ఇచ్చే పడవల షెడ్డు యజమాని మణియం వచ్చాడు. జేబులోంచి ఒక గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాడు.

ముత్యాలు కార్డు.

"రెండు కాపీలు తియ్యమ్మా. శుక్రవారం మజ్జానం పోయినాడు. పడవకి రంగేస్తా అలాగే ఒరిగిపోయినాడు. నా అనేటోళ్ళు లేరు. కాయితాలన్నీ నేనే సూసుకోవాల."

రుబిని చెయ్యి కార్డు మీదే ఉండిపోయింది.

"మంచోడమ్మా. కానీ లోపలేదో బయ్యం. ఇన్ని చేపలున్న ఊళ్ళో ఉండి ఐసు ముట్టేవోడు కాదు. ఐసు లారీ వస్తే మొకం తిప్పేసుకునేవోడు. నిద్దట్లో అరుపులు... 'కళ్ళిప్పు బాబూ, కళ్ళిప్పు' అని. పెళ్ళా, పిల్లలా? ఎవుర్ని పిలిసేవోడో!"

"ఎప్పుడూ అడగలేదా మామా?"

"ఒక్కసారి అడిగినాను. కుర్రతనంలో కలప ఓడమీద పనిజేసినాడంట. 'ఒక పిల్లోడు నా సేతుల్లోనే పోయినాడు మణియం. పోలీసులొస్తంటే బయపడి పారిపోయొచ్చినాను' అన్నాడు. మరి నోరిప్పలేదు."

మణియం కాపీలు తీసుకుని వెళ్ళిపోయాడు.

రుబిని ఆ పేజీ తెరిచింది. బటన్ నొక్కింది. రెండు క్షణాలు పట్టింది, అంతే.

'ఆ మార్చిలో ఆట ముగించుకుని మా పిల్లల జట్టు గడ్డకట్టిన సముద్రం మీదుగా ఇళ్ళకు నడుస్తోంది. ఓడల కోసం మంచు చీల్చిన దారి పక్కన మంచు పగిలి ముగ్గురు మునిగిపోయారు. రేవులో ఆగిన కలప ఓడ మనిషి ఒకడు, రెండు వారాలుగా గట్టున నిలబడి మా ఆట చూసే నల్లటి యువకుడు, పరిగెత్తుకొచ్చి నీళ్ళలోకి దూకాడు. మూడుసార్లు మునిగి ముగ్గురినీ పైకి తెచ్చాడు. మూడోవాడికి ఊపిరి లేదు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మాకు తెలియని భాషలో పిలుస్తూనే ఉన్నాడు. పోలీసు కారు రావడం చూసి ఓడవైపు పరుగు తీశాడు. తెల్లారేసరికి ఓడ లేదు.'

రుబిని పేజీ కిందికి జరిపింది. ఫోటో కింద రెండే వాక్యాలున్నాయి.

'ఇది నెల తర్వాత తీసింది. పదకొండోవాడు అప్పటికింకా ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు.'

మరోసారి చదివింది. కోలుకుంటున్నాడు.

దుకాణంలోకి ఎవరో వచ్చి పిలిచారు. ఆమెకు వినపడలేదు.

'ఆయన పేరేమిటో, ఏ దేశమో ఎవరూ చెప్పలేకపోయారు. మా మైదానంలో ముందు వరసలో ఒక కుర్చీ ఆయన కోసం ఇన్నేళ్ళుగా ఖాళీగానే ఉంది. తెలిసినవారు దయచేసి రాయండి.'

వ్యాసం చివర, రాసినవాడు తన పేరు కింద ఇలా రాసుకున్నాడు: క్లబ్ అధ్యక్షుడు, ఆ రోజు ఆయన ఒళ్ళో కళ్ళు తెరవలేకపోయిన పదకొండోవాడు.