గుండె తలుపు దగ్గర కాపలా

సోమవారం పొద్దున ఆవిడ వంటింటి బల్ల మీద రెండు డబ్బాలు తెరిచి పెట్టుకుని, పట్టీల్లోంచి మాత్రలు ఒక్కొక్కటే నొక్కి తీసి అరల్లో వేస్తోంది. వారానికి ఏడు అరలు. నీలం డబ్బా ఆయనది, పసుపు డబ్బా ఆవిడది. రెండింట్లోనూ గుండ్రటి తెల్ల మాత్రలే.

ఆయన ఎదురుగా కూర్చుని, తన గుండె మాత్ర ఒంట్లో ఎలా పనిచేస్తుందో బావమరిదికి పాఠం చెబుతున్నాడు. బావమరిది పాఠం కోసం రాలేదు. అక్కని స్కూటరు మీద తీసుకెళ్లడానికి వచ్చాడు. ఊరవతల బడి లైబ్రరీలో ఆవిడకి ఉద్యోగం వచ్చింది. ఇవాళ పదింటికల్లా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆయనేమో వీల్లేదన్నాడు. బావ మనసు మారకపోతుందా అని బావమరిది చల్లారిన టీ పట్టుకుని వింటున్నాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాడు. ఎక్కడైనా కామా తప్పిపోతే అన్నం సయించని మనిషి. మందు పెట్టెలో మడిచి పెట్టే చీమకాళ్ల అక్షరాల కాగితాన్ని భూతద్దం పెట్టి నాలుగుసార్లు చదివాడు. ఎర్ర పెన్సిలుతో మూడు తప్పులు కూడా దిద్దాడు.

"మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయిరా," అంటున్నాడు. "కోపమో భయమో వచ్చిందనుకో, అవి రక్తంలోకి ఒక రసం వదుల్తాయి. అది పరిగెత్తుకెళ్లి గుండె తలుపు తీస్తుంది. ఇంక గుండె గుర్రమైపోతుంది, చేతులు వణికిపోతాయి. మన మాత్ర ఏం చేస్తుందంటే, ముందే వెళ్లి ఆ తాళంకన్నంలో కూర్చుంటుంది. రసం వస్తుంది, జాగా లేదని చూస్తుంది, దాని దారిన అది పోతుంది."

"అయితే ఇంక కోపం రాదా బావా?"

"రసం వస్తూనే ఉంటుంది. గుండె పట్టించుకోదు, అంతే."

ఆరు వారాల కిందట ఆయనే పట్టుబట్టి డాక్టరు దగ్గరికెళ్లాడు. ఫైలు మోయడానికి ఆవిడని వెంటబెట్టుకున్నాడు. మా ఇంట్లో మాటా మాటా వస్తే చాలండీ, గుండె దడ, చేతుల వణుకు, గిన్నెలు కింద పడటం అంటూ ఏకరువు పెట్టాడు. డాక్టరు ఇద్దర్నీ పరీక్షించి, ఇద్దర్నీ ప్రశ్నలడిగి, రెండు చీటీలు రాశాడు. ఒకటి గుండె మాత్రకి, రెండోది ఎముకల బలానికి వేసుకునే కాల్షియం మాత్రకి. మెట్లు దిగుతూనే ఆయన పంపకం చేసేశాడు. "నీకు ఆ సున్నం బిళ్ళ చాల్లే," అన్నాడు. కాదనే అలవాటు ఆవిడకి లేదు.

అప్పట్నుంచి మింగడం వరకే ఆయన పని. మందులు కొనడం, డబ్బాల్లో సర్దడం, మంచినీళ్లతో సహా అరచేతిలో పెట్టడం, చీటీలు దాచడం, అన్నీ ఆవిడే.

ఇల్లు ఎలా మారిపోయిందో కూడా ఆయన వివరించాడు. మునుపు తను గొంతు పెంచితే ఇంట్లో గాజు వస్తువేదీ బతికి బట్టకట్టేది కాదట. ఈ ఆరు వారాల్లో ఒక్క గ్లాసు పగల్లేదట. మునుపు రెండో మాటకే ఆవిడ ముక్కు చీదుకుంటూ లోపలికి పోయేదట. ఇప్పుడు నిలబడి, చివరిదాకా విని మరీ వెళ్తోందట. తనెంత మెత్తబడ్డాడో ఇంకా సాక్ష్యం కావాలా?

"నిన్న మీ కేక మా సందు చివరిదాకా వినపడింది బావా."

"అది కేక కాదు. స్పష్టంగా చెప్పడం."

"ఎదురింటాయన కిటికీ కూడా మూసుకున్నాట్ట."

"చలికి మూసుకుని ఉంటాడు."

"ఎండాకాలంలోనా?"

ఆయన ఆ ప్రశ్నని అచ్చుతప్పులా కొట్టిపారేశాడు.

నిరుడు కూడా ఆవిడకి ఇలాంటి ఉద్యోగపు ఉత్తరమే వచ్చింది. అప్పుడు ఆయన అరిచిన అరుపుకి ఆవిడ చేతిలో పెన్ను నిలవలేదు. కాగితం మీద సంతకం బదులు సిరా మరక పడింది. ఉద్యోగం ఎవరికో పోయింది. మళ్లీ అలాంటిది రావడానికి ఏడాది పట్టింది.

తొమ్మిదైంది. ఆవిడ నీలం డబ్బాలోంచి సోమవారం మాత్ర తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పసుపు డబ్బాలోది తను వేసుకుంది. ఆయన గుటుక్కున మింగి, మూతి తుడుచుకుని, ఆవిడ వైపు తిరిగాడు.

"వెళ్లొద్దని నిన్ననే చెప్పానా లేదా? నా మాటంటే ఈ ఇంట్లో లెక్కలేదా?"

చెప్పడంతో పాటు బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. డబ్బాలు ఎగిరిపడ్డాయి. బావమరిది టీ చొక్కా మీద ఒలికింది. పక్క గదిలో గోడ గడియారం కూడా ఒకసారి తడబడినట్టే ఉంది. ఆవిడ చేతి గ్లాసులో నీళ్లు మాత్రం కదల్లేదు.

"చూశావురా, ఎంత నెమ్మదిగా చెప్పానో," అన్నాడాయన బావమరిదితో. "మాత్ర మహిమ అంటే అదీ."

ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. గుండె మాత్రల పట్టీ ఇవాళ్టితో ఖాళీ అయిపోయింది. దారిలో కొనాలంటే షాపువాడు చీటీ అడుగుతాడు. అలమరలోంచి ఆ చీటీ తీసి మడిచి, చేతిసంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని గడప దాటింది.

ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన ఆ కళ్లు ఆరు వారాల్లో ఒక్కసారీ చూడని ఆ చీటీ పై వరుసలో, రోగి పేరు అని ఉన్నచోట, డాక్టరు రాసింది ఆవిడ పేరు.